68 మంది ఉన్న తరగతిలో భాష ఆటలు: ఎన్ని నోళ్లు కదులుతున్నాయో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మూడో తరగతి, ఒకటే గది, 68 మంది పిల్లలు, సగం మంది బెంచీల మీద, సగం మంది కింద. తెలుగును ఆటలతో చెప్పమని శిక్షణలో అన్నారు. మీరు మొదలుపెట్టారు. పది నిమిషాలకే గది చేతుల్లోంచి జారిపోయింది, పక్క తరగతి టీచరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఇంతమందితో ఆటలు కుదురుతాయా, లేక ఇరవై మంది ఉన్న చోటే పనికొస్తాయా?

కుదురుతాయి. ఇంకో మాట కూడా అంటాను: ఆటలు ఎక్కువగా అవసరమయ్యేది పెద్ద తరగతికే. నేను 27 ఏళ్లుగా ఎస్జీటీని, అంటే ప్రాథమిక బడిలో చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ని. అందులో ఎక్కువ కాలం కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, ఆదోని, కోసిగి వైపు గడిచింది. 60 మంది వరకు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ఉంటే ముగ్గురు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతుంది. మన గదుల్లో ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒక్క తరగతిలోనే 70 దాటిన సంవత్సరాలు నాకున్నాయి.

ముందు ఒక లెక్క వేద్దాం. మీ పీరియడ్ 40 నిమిషాలు. ఒక్కొక్కరినీ లేపి అర నిమిషం మాట్లాడిస్తే 68 మందికి 34 నిమిషాలు పడుతుంది. ఒక్కో బిడ్డ నోరు విప్పింది అర నిమిషం, మూసుకుని కూర్చుంది ముప్పైతొమ్మిదిన్నర నిమిషాలు. అదే పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడుకోనిస్తే ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు దక్కుతాయి. పది రెట్లు. మీరు ఏ ఆట ఎంచుకున్నా దానికి ఈ ఒక్క పరీక్ష పెట్టండి: ఈ నిమిషంలో ఎన్ని నోళ్లు కదులుతున్నాయి? ఒకరు ఆడి 67 మంది చూస్తుంటే అది భాష నేర్పే ఆట కాదు. మీ గదిలో జరిగిన గోల పిల్లల తప్పు కాదు, మీ తప్పు కూడా కాదు. వంతు రాని పిల్లలు వాళ్ల ఆట వాళ్లు వెతుక్కున్నారు, అంతే.

ఇది నాకు తెలిసొచ్చిన రోజు బాగా గుర్తుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. అందర్నీ నిలబెట్టి ఒక అక్షరం చెప్పేదాన్ని, దాంతో మొదలయ్యే మాట వరసగా చెప్పాలి, చెప్పలేనివాళ్లు ఔట్, కూర్చోవాలి. పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు, నాకు ఎంతో బాగా జరుగుతున్నట్టు ఉండేది. ఒకరోజు మూడో వరసలో పిల్లవాడికి ‘క’ వచ్చింది. ‘కుక్క’ అన్నా చాలు. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తల అడ్డంగా ఊపి కూర్చున్నాడు. తర్వాత దగ్గరకు పిలిచి అడిగాను, రాదా అని. ‘వచ్చు మేడం. ఎట్లయినా ఔటయ్యేదే గదా, బిరీన అయితే ఎనక కూచోని ఆడుకోవచ్చు’ అన్నాడు. ఆ మాటలో కొంటెతనం లేదు, ఉన్న సంగతి చెప్పాడు. ఆ తర్వాత చూస్తే అర్థమైంది: ఆ ఆటలో మొదటి అయిదు నిమిషాల్లో కూర్చునేది ఎవరికి మాటలు తక్కువో వాళ్లే, చివరిదాకా నిలబడి ఇంకా ఇంకా మాటలు చెప్పేది ఇంట్లో చదువుకున్నవాళ్లున్న నలుగురు. ఎవరికి అభ్యాసం కావాలో వాళ్లను ఆటే బయటికి పంపేస్తోంది. ఆ రోజు నుంచి నా తరగతిలో ఔట్ అనే మాట లేదు. అక్షరాల కుర్చీలాట, బ్లాక్‌బోర్డు దాకా పరుగెత్తి రాసే రిలే, ఇవన్నీ శిక్షణలో హుషారుగా ఉంటాయి. 30 మంది పెద్దవాళ్లు ఆడుకోవడానికి బాగుంటాయి. 68 మంది పిల్లలకు మాత్రం వద్దు.

ఇక గోల సంగతి. ఆటకు ముందు ఆగడం నేర్పాలి. మొదటి మూడు రోజులు ఏ ఆటా పెట్టకండి, ఆగడమే ఆట. మీరు చప్పట్లతో ఒక దరువు వేస్తారు, పిల్లలు అదే దరువు తిరిగి వేసి చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. మాట్లాడుకోమని వదలండి, దరువు వేయండి, మళ్లీ వదలండి. రోజుకు పదిసార్లు. దాంతోపాటు మూడు గొంతులు నేర్పండి: చెవిలో గొంతు, పక్కవాడి గొంతు, వాకిట్లో గొంతు. ‘ఇప్పుడు పక్కవాడి గొంతు’ అంటే ఎంత చప్పుడో పిల్లలు చేసి చూపించాలి. జంటగా మాట్లాడే 68 మంది గది నిశ్శబ్దంగా ఉండదు, తేనెపట్టులా ఉంటుంది. పక్క తరగతి టీచరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి, ఆటల సమయం ఇద్దరూ ఒకటే చేసుకోండి. మా బడిలో అది మధ్యాహ్న భోజనం అయ్యాక మొదటి పీరియడ్. ఎలాగూ ఆ వేళకు నిద్ర ముంచుకొస్తుంది.

జంటల గురించి. బాగా చదివేవాళ్లను, అసలు రానివాళ్లను జత కట్టకండి. అందరూ చేసే పొరపాటే ఇది. బాగా వచ్చిన బిడ్డ మాట్లాడేస్తుంది, రాని బిడ్డ తల ఊపుతుంది. బాగా వచ్చినవాళ్లను ఓ మోస్తరువాళ్లతో, ఓ మోస్తరువాళ్లను వెనకబడినవాళ్లతో కలపండి. రెండు వారాలు అదే జంట, తర్వాత మార్పు. మూడు జంటలు కలిస్తే ఒక గుంపు. 68 మందికి ఆరుగురి గుంపులు పది వస్తాయి, మిగిలిన ఎనిమిది మంది రెండు నలుగురి గుంపులు. రోజూ కొందరు రారు, కాబట్టి ఈ నలుగురి గుంపుల్ని సర్దుబాటుకు వాడుకోండి.

ఇప్పుడు ఆటలు. ఎక్కువ చెప్పను, నా చేతిలో ఏళ్ల తరబడి నిలబడినవే చెబుతాను.

మొదటిది పిడికిలి ఆట. మూడో తరగతి పిల్లలు రాతలో ఎక్కువగా తప్పేది దీర్ఘాల దగ్గర. మేడ అని రాయాల్సిన చోట మెడ, కాలం బదులు కలం. వాళ్లకు అక్షరం రాక కాదు, చెవి ఆ తేడా మీద నిలవక. అందరూ కళ్లు మూసుకోవాలి. నేను మాట అంటాను: ‘మెడ’. పొట్టి అచ్చు వినిపిస్తే పిడికిలి బిగించాలి. ‘మేడ’. పొడుగు వినిపిస్తే చెయ్యి బార్లా చాపాలి. వడ, వాడ. పది, పాది. 68 చేతులూ ఒకేసారి జవాబు చెబుతాయి, తప్పెవరిదో నాకు ఒక్క చూపులో తెలుస్తుంది, తోటి పిల్లలకు తెలియదు. కళ్లు మూయించడం చాలా ముఖ్యం. తెరిచి ఉంటే సగం మంది పక్కవాడి చెయ్యి చూసి చాపుతారు, మీరు అందరికీ వచ్చేసిందనుకుంటారు. నాలుగు రోజులయ్యాక మాటలు అనే పని పిల్లలకిచ్చేయండి, జంటలో ఒకరు అనాలి, ఇంకొకరు చెయ్యి చూపాలి. తర్వాత అవే మాటలు పలక మీదికి. శ, ష, స తేడాకు, ణ, న తేడాకు కూడా ఇదే పనికొస్తుంది, కానీ అవి నిదానంగా. ఇంట్లో ఎవరూ అలా పలకని ధ్వనిని పిల్లవాడు వారంలో పట్టుకోలేడు.

రెండోది నాకు అన్నిటికన్నా ఇష్టమైంది. దీన్ని చుట్టాల ఆట అంటాం. ద్విత్వాలు నేర్పే వేళకు పుస్తకంలో ఒత్తుల పట్టిక ఉంటుంది. పిల్లలు దాన్ని చూసి బెదిరిపోతారు, అందులో న్యాయముంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. ఎందుకలా ఉందో మనమూ చెప్పలేం. ఒకసారి పట్టిక దిద్దిస్తూ ఉండగా తట్టింది: మన ఇంట్లోవాళ్లందరూ ఒత్తుల్లోనే ఉన్నారు. అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య, అవ్వ. అన్నిటికీ ముందు ‘అ’, తర్వాత ఒక్కో ఒత్తు.

పాత శుభలేఖలు కత్తిరించి చీటీలు చేశాను. గుంపులో ఆరుగురికి ఆరు చీటీలు, ఒక్కోదాని మీద ఒక్కో చుట్టం. వంతు వచ్చిన బిడ్డ తలుపు తట్టినట్టు నేల మీద చేత్తో కొట్టాలి. మిగతా అయిదుగురూ ‘ఎవరొచ్చారు?’ అనాలి. తట్టిన బిడ్డ తన చీటీ చూపించి, ‘అత్త వచ్చింది.’ అందరూ: ‘ఏం తెచ్చింది?’ తెచ్చిన వస్తువులో అదే ఒత్తు ఉండాలి. ‘గిత్త తెచ్చింది.’ అక్క చుక్కను తెస్తుంది, ముక్కును తెస్తుంది, కుక్కను తెస్తుంది. అన్న వెన్న తెస్తాడు, జొన్నలు తెస్తాడు. అమ్మ బొమ్మను, అయ్య ఉయ్యాలను, అవ్వ మువ్వను. ప్రతి వంతుకూ గుంపులో ఆరుగురూ మాట్లాడుతున్నారు, గమనించారా? అడిగేవాళ్లు అయిదుగురు, చెప్పేవాళ్లు ఒకరు. మాట తట్టకపోతే చీటీ కుడిపక్కకు వెళుతుంది, బిడ్డ ఆటలోనే ఉంటుంది. పైగా వచ్చింది, వచ్చాడు, వచ్చారు అన్న తేడా ఎవరూ చెప్పకుండానే కుదురుకుంటుంది. ‘అన్న వచ్చింది’ అంటే గుంపే నవ్వి సరిదిద్దుతుంది. వారం తర్వాత మూడో ప్రశ్న చేర్చండి: ‘ఎందుకు తెచ్చింది?’ అక్కడి నుంచి వాక్యాలు పొడుగవుతాయి.

ఒక సంవత్సరం మా తరగతిలో జూన్ నుంచి డిసెంబరు దాకా నాతో ఒక్క పూర్తి వాక్యం మాట్లాడని పాప ఉండేది. అమ్మానాన్న సుగ్గికి వెళ్లారు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. పాప అవ్వ దగ్గర ఉంది. ఒకరోజు ఈ ఆట ఆడుతుంటే నేను వాళ్ల గుంపు వెనకే నిలబడ్డాను. ‘ఎవరొచ్చారు?’ ‘అవ్వ వచ్చింది.’ ‘ఏం తెచ్చింది?’ ‘బువ్వ తెచ్చింది.’ ‘ఎందుకు తెచ్చింది?’ పాప చీటీ వంక చూస్తూ, ‘అమ్మ రాలే, అందుకు’ అంది. గుంపులో ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏమీ అనలేదు. పక్కనున్న పిల్ల తన చీటీ కింద పెట్టి, ‘మాయమ్మ కూడా’ అంది. ఆ తర్వాత అందరూ పలకల మీద రాసే వేళ ఆ పాప పలక మీద మూడు మాటలున్నాయి, ఒత్తులు రెండూ సరిగా పడ్డాయి. భాష దేనికో ఆ పాపకు నేను చెప్పలేదు. తనకు కావలసిన మాట అడిగే చోటు దొరికింది, అంతే.

అంత్యాక్షరి గురించి మీరు అడగలేదు కానీ తప్పకుండా పెడతారు, కాబట్టి ఒక మాట. మాటల అంత్యాక్షరి తెలుగులో తొందరగా చచ్చిపోతుంది. మన బహువచనాలు దాదాపు అన్నీ ‘లు’తో, రాముడు, దేవుడు లాంటివన్నీ ‘డు’తో ముగుస్తాయి. ఆట తిరిగి తిరిగి ల, డ దగ్గరికే వస్తుంది, ‘ల’తో మొదలయ్యే మాటలు పిల్లలకు ఎన్ని తెలుసు? లడ్డు, లారీ అయిపోయాక నోరు తెరవరు. అందుకే నేను చివరి అక్షరం బదులు మధ్య అక్షరం పట్టుకోమంటాను. ‘పలక’ అంటే తర్వాతి మాట ‘ల’తో కాదు, ‘ల’ ఎక్కడున్నా సరే: ‘గులాబి’. గుంపు గుంపుకూ వేరేగా ఆడించండి. తరగతినంతా రెండు జట్లు చేస్తే మళ్లీ నలుగురి ఆటే అవుతుంది.

వీరీ వీరీ గుమ్మడిపండు పిల్లలందరికీ తెలిసిన ఆట, నేర్పే పని లేదు. ఒకరి కళ్లు మూస్తారు, ఇంకొకరు వచ్చి తాకుతారు, పేరు చెప్పాలి. దీంట్లో చిన్న మార్పు: తాకేవాళ్లు ఉండరు, మిగతావాళ్లు తమలో ఒకరిని ఎంచుకుని ఆ బిడ్డ గురించి తలా ఒక వాక్యం చెప్పాలి. ‘ఇంటి ముందర వేపచెట్టు ఉంది.’ ‘నిన్న బడికి రాలేదు.’ ‘అన్నం కన్నా సంగటి ఇష్టం.’ ఒంటి రంగు, లావు, సన్నం, చిరిగిన బట్టల గురించి చెప్పకూడదని ముందే గట్టిగా చెప్పండి. ఈ ఒక్క నియమం నేను ఒకసారి మరిచిపోయాను, ఒక పిల్లవాడు మూడు రోజులు బడికి రాలేదు.

మీ ఊరి పిల్లల ఇంటి మాట గురించి మీరు ఏమీ రాయలేదు. మాకు అది పెద్ద సంగతి. ఒకే గదిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, కన్నడం మాట్లాడేవాళ్లు, ఉర్దూ వాళ్లు, తండాల నుంచి వచ్చే పిల్లలు. తెలుగు వాళ్లు కూడా పుస్తకంలో వేరుశనగ అని చదివి ఇంటికెళ్లి బుడ్డలు తింటారు. శనివారం నేనొక వస్తువు తెస్తాను, ఉల్లిగడ్డో, దువ్వెనో. ‘మీ ఇంట్లో దీన్నేమంటారు?’ అని ప్రతి గుంపూ తమలో తాము అడిగి పట్టీ తయారు చేయాలి. ఎర్రగడ్డ, ఉల్లిగడ్డ, ప్యాజ్, ఉళ్ళాగడ్డి. కన్నడం ఇంటి పిల్ల ఉళ్ళాగడ్డి అనగానే ఒకడు లేచి ‘మేడం, మన ఉల్లిగడ్డే, కొంచెం సాగదీసింది’ అన్నాడు. రెండు భాషల చుట్టరికం వాడే కనిపెట్టాడు. ఇంటి మాటకు తరగతిలో కుర్చీ వేస్తే బడి మాట దానంతటది వచ్చి పక్కన కూర్చుంటుంది. గిడుగు రామమూర్తి గారిని మనం ఆగస్టు 29న వ్యావహారిక భాష కోసం తలుచుకుంటాం. పర్లాకిమిడిలో ఉండగా ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించే ప్రయత్నం చేశారన్నది కూడా ఆ రోజు చెప్పుకుంటే బాగుంటుంది.

సుగ్గి నుంచి పిల్లలు తిరిగొచ్చే వారం ఇంకో ఆట పెడతాను. వచ్చిన బిడ్డ మధ్యలో కూర్చుంటుంది, గుంపు పది ప్రశ్నలు అడగాలి. ఎక్కడ పడుకున్నారు, రైలులో పోయారా, లారీలోనా, మిరపకాయలు కోస్తే చేతులు మండవా, కూలి ఎంత. నెలల తరబడి పాఠాలు పోయిన బిడ్డకు ఆ పది నిమిషాలు తనకే తెలిసిన విషయం ఉంటుంది. ప్రశ్నవాక్యాలు నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

బహుమతులు ఇవ్వకండి. గెలిచిన గుంపు అని ప్రకటించకండి. పోటీ కావాలంటే తరగతికి తనతో తనకే పెట్టండి: నిన్న పది నిమిషాల్లో అందరం కలిసి 90 మాటలు చెప్పాం, ఈరోజు ఎన్ని? బోర్డు మూల అంకె రాసి పెడితే చాలు, పొద్దున రాగానే చూసుకుంటారు.

ప్రతి ఆటా రాతతో ముగియాలి. ఇందులో నేను పట్టు విడవను. పదిహేను నిమిషాల ఆట తర్వాత అయిదు నిమిషాలు, ఆడిన మాటల్లోంచి ఒక వాక్యం పలక మీద. రాయలేనివాళ్లు జతగాడికి చెప్పి రాయించుకుని, దాన్ని చదివి, చూసి దిద్దాలి. ఆ తర్వాత పుస్తకం. ఆటలు ఆడించి రాత, చదువు వదిలేసిన తరగతులు చూశాను. పిల్లలు సంతోషంగా ఉంటారు, నాలుగో తరగతికి వెళ్లాక ఏడుస్తారు.

68 మందిని ఒకేసారి గమనించాలని చూడకండి, ఎవరి వల్లా కాదు. రోజుకు ఎనిమిది మంది. ఆ రోజు మీ చెవి వాళ్ల మీదే ఉండాలి, నోటుబుక్కులో తలా ఒక వాక్యం రాసుకోండి, వాళ్లు అన్నది అన్నట్టే. తొమ్మిది రోజుల్లో తరగతంతా అయిపోతుంది, పదో రోజు మళ్లీ మొదటి నుంచి. రెండో విడతలో మొదటి వాక్యం పక్కన రెండో వాక్యం రాస్తున్నప్పుడు, ఎవరు ఎదుగుతున్నారో, ఎవరు ఆగిపోయారో పరీక్ష పేపరు కన్నా బాగా కనిపిస్తుంది.

ఒక చివరి సంగతి, చింతపిక్కలు. గుంపులో ఒకరే మాట్లాడేస్తుంటే ప్రతి బిడ్డకూ మూడు పిక్కలివ్వండి. మాట్లాడిన ప్రతిసారీ ఒకటి మధ్యలో పెట్టాలి. మూడూ అయిపోతే మిగతావాళ్లవి అయ్యేదాకా వినాలి. గడుసు పిల్లలు మూడో పిక్కను దాచుకుని మంచి మాట కోసం ఆగడం నేర్చుకుంటారు, నోరులేని పిల్లలు ఖాళీ చేయడానికైనా మాట్లాడతారు. మీరు వచ్చే వారం మొదలుపెట్టాలనుకుంటే చప్పట్ల దరువు, జంటలు, ఈ పిక్కలు చాలు, మిగతావి తర్వాత. పిక్కలు రెండు వందల పైన కావాలి. వంట చేసే అక్కని అడిగితే చారుకు నానేసిన చింతపండులో వచ్చినవి దాచి ఇస్తుంది. కడిగి బాగా ఎండబెట్టండి, తడి ఉంటే బూజు పడతాయి. ఆట అయ్యాక లెక్కపెట్టి డబ్బాలో వేయించండి. మీ గదిలోకి ఒకటో తరగతి తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చి కూర్చుంటుంటే మాత్రం పిక్కలు వద్దు, ముక్కులో పెట్టుకుంటారు. వాళ్లున్న రోజు సీసా మూతలు వాడండి.